ఐనవిల్లి డొక్క, పెదవేగి గెల

గోదావరి ధవళేశ్వరము దాటినపిదప గౌతమిగను వసిష్ఠగను చీలిపోయి, వసిష్ఠనుండి వైనతేయ మరల విడివడి, ఈ పాయలన్నియు సముద్రమును చేరుటకు ముందు తమ నడుమ కూర్చిపెట్టిన ఒండ్రునేలకు కోనసీమ యని పేరు. 1852లో కాటను దొర ఆనకట్ట పూర్తియైనది మొదలు కాలువనీరు నిండుగా పారుచున్న ఆ నేలలో, అమలాపురమునకు ఉత్తరముగా, గౌతమీతీరమందలి ముక్తేశ్వరమునకు చేరువను ఐనవిల్లి కలదు. కోటిపల్లి రేవులో పంటు ఎక్కి గౌతమిని దాటి వచ్చువారికి మొదట ముక్తేశ్వరము కనబడును. అచ్చటినుండి కొబ్బరితోటల నీడలోనే సాగు దారి వారిని ఐనవిల్లికి చేర్చును. ఆ ఊరి సిద్ధివినాయకుని దక్షప్రజాపతి తన యజ్ఞారంభమున అర్చించెనని ఒక ఐతిహ్యము, వ్యాసమహర్షి దక్షిణదేశయాత్రలో ప్రతిష్ఠించెనని మరియొక ఐతిహ్యము వినవచ్చును. పరీక్షల కాలమున స్వామి సన్నిధిని కలములను రాశులుగా పోసి, పూజచేసి, విద్యార్థులకు పంచిపెట్టుట అచ్చటి ఆచారము.

దేవుని ముందు పగులు ప్రతి కొబ్బరికాయకును వెనుక ఒక డొక్క కలదు. భక్తుని చేతికి వచ్చునది జుట్టుమాత్రము మిగిల్చి వలిచిన కాయ. దాని బరువులో మూడవవంతునకు మించిన భాగము అంతకుముందే తోటగట్టున గాని, రాశి పోసిన దొడ్డిలోగాని విడిపోయి యుండును. నేలలో పాతిన ఇనుపగునపముపై కాయను గుచ్చి, మూడు నాలుగు విరుపులతో డొక్కను ఊడదీయు వలుపు కార్మికుని చేతివాటమును చూచుచు నేను చాలసేపు నిలిచిపోతిని. అతని కుడివైపున కాయలరాశి పెరుగుచున్నది. ఎడమవైపున డొక్కలరాశి అంతకంటె వేగముగా పెరుగుచున్నది. కాయలు అంబాజీపేట మార్కెట్టు మీదుగా దేశాంతరములకు పోవును. డొక్కల గతి యేమి?

కొంతభాగము వంటచెరకగును. తక్కినది పీచు మిల్లులకు పోవును. ఐనవిల్లి పరిసరములలో అట్టి మిల్లు నొకదానిని చూచితిని. డొక్కను తడిపి, యంత్రములో వేసి చితుకగొట్టగా పీచు ఒకవైపునకు, పొట్టు మరియొకవైపునకు వచ్చును. పీచు ఒకపాలు వచ్చినచో పొట్టు సుమారు రెండుపాళ్ళు వచ్చును గనుక, ఆ మిల్లు ఆవరణములో ప్రవేశించినవానికి ముందుగా కనబడునది సరకుకాదు, గోధుమవన్నె గుట్టలుగా పేరుకొన్న శేషమే. ఇదివరలో ఆ పొట్టు మిల్లుయజమానికి ఎట్టి భారమో ఆయన మాటలలోనే చెప్పెదను: "అప్పట్లో ఈ పొట్టంటే మాకు అప్పేనండి. రోడ్డుపక్కన పోస్తే ఊళ్లోవాళ్లు తిట్టేవారు. కాలవగట్టున పోస్తే వానకి నీళ్లు ఎర్రగా దిగేవి. తగలబెడితే పైకి ఆరినట్టే ఉండి, లోలోపల నెలల తరబడి కాలుతూనే ఉండేదండి. ఇప్పుడు కడియం నర్సరీలవాళ్లు లారీ పంపించి మరీ పట్టికెళ్తున్నారు, ఆయ్."

కడియము తోటవారికి పొట్టు ప్రియమగుటకు కారణము దాని దాహము. ఆరిన పొట్టు తన బరువునకు అయిదారు రెట్లు, కొన్నిచోట్ల అంతకు మించియు నీటిని పట్టి, మొక్కవేరునకు నెమ్మదిగా అందించును. అయితే దానిని ఉన్నదున్నట్లు పొలములో చల్లుట మంచిది కాదు. పొట్టులో కర్బనమునకును నత్రజనికిని గల నిష్పత్తి 112కు ఒకటి. అట్టి పదార్థమును నేలలో కలిపినచో, దానిని జీర్ణించు సూక్ష్మజీవులు పైరునకు చెందవలసిన నత్రజనిని సైతము తామే గ్రహించును. కాయరు బోర్డువారు ప్రచారములోనికి తెచ్చిన పద్ధతిలో, టన్ను పొట్టునకు అయిదు కిలోల యూరియాను, ముత్యపు చిప్ప పుట్టగొడుగు జాతికి చెందిన శిలీంధ్రబీజమును పొరలుపొరలుగా చల్లి తడిగా నుంచినచో, నెలదినములలో ఆ నిష్పత్తి 24కు ఒకటిగా దిగును. గట్టి లిగ్నిను కరగిపోయి పొట్టు నల్లబడి ఎరువగును. యంత్రము చేయలేనిదానిని ఒక బూజు చేయుచున్నది. ఈ సంగతి నా మనస్సులో నాటుకొనుటకు కారణము కలదు. మెట్టప్రాంతమునకు పోయినపుడు అదే శిలీంధ్రము నాకు మరల తటస్థపడినది.

"మెట్టలో పామాయిల్ మిల్లుల్లో కూడా ఇలాంటి పీచే గుట్టలుగా పడుంటదంటండి. వాళ్లేం చేస్తున్నారో చూడండి" అని ఆ యజమాని అనినమాటతో నా ప్రయాణమునకు దిక్కు ఏర్పడెను.

కొత్తపేట మీదుగా రావులపాలెమునకు వచ్చితిని. అరటిగెలల వ్యాపారమునకు ప్రసిద్ధికెక్కిన ఆ ఊరిలో జాతీయరహదారిని పట్టి, సిద్ధాంతము వంతెనపై వసిష్ఠను దాటినతోడనే కోనసీమ వెనుకబడును. తణుకు, తాడేపల్లిగూడెము గడచువరకు ఇరువైపుల వరిచేలును చెరువులును కన్నులకు చల్లగా నుండును. భీమడోలువద్ద రహదారిని విడిచి ద్వారకాతిరుమల దారిన పడగానే నేల రంగు మారును. నల్లని ఒండ్రు అంతరించి ఎర్రగరప మొదలగును. కాలువ స్థానమును బోరుబావి ఆక్రమించును. కొబ్బరి పలుచనై, దూరమునుండి దానివలెనే కనబడు మరియొక చెట్టు వరుసలుదీరి నిలుచును. దగ్గరకు పోయినచో భేదము తెలియును. కొబ్బరి సన్నగా, వంపుగా, ఆకాశమున గాలితో మాటాడుచు పెరుగును. ఆయిల్‌పామ్ బలిసిన మొదలుతో, మట్టల మొదళ్ళు ఊడక అంటిపెట్టుకొన్న కాండముతో, ముళ్ళుగల గెలలను మట్టల సందులలో దాచుకొని నిలుచును. రెండును ఒకే కుటుంబమునకు చెందిన దాయాదులు. 2016 తరువాత గోదావరి జిల్లాలపై విరుచుకుపడిన సర్పిలాకార తెల్లదోమ ఈ దాయాదులు రెంటిని పీడించినది.

ఈ వృక్షము మనది కాదు. పశ్చిమాఫ్రికా తీరారణ్యములు దాని పుట్టినిల్లు. 1848లో జావాద్వీపమందలి బోగోరు ఉద్యానమునకు చేరిన నాలుగు మొక్కల సంతతియే సుమత్రా, మలయా తోటలకు మూలమైనది. 1886లో కలకత్తా ఉద్యానమునకు వచ్చినను, మనదేశమున అది చిరకాలము ఉద్యానపు వింతగానే మిగిలి, ఆ తరువాతనెప్పుడో కేరళలోను, 1980వ దశకపు చివరిలో పశ్చిమగోదావరి మెట్టలోను పైరుగా పాదుకొనినది. 1993లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ప్రత్యేకచట్టము చేసి, ఏ మండలపు గెలలు ఏ కర్మాగారమునకు పోవలెనో హద్దులు నిర్ణయించినది. గెల కోసిన ఇరువదినాలుగు గంటలలోపల ఆవిరికి అందకపోయినచో, పండులోని ఎంజైములు నూనెను ఆమ్లముగా విరుగగొట్టుచు పోవును గనుక, రైతును మిల్లును ఇట్లు ముడివేయక తప్పదు. ఈ ముడి సంగతిని పాఠకులు జ్ఞాపకముంచుకొన ప్రార్థన. దానితో ముందు పనికలదు. 2021 ఆగస్టులో కేంద్రప్రభుత్వము 11,040 కోట్ల రూపాయల వ్యయముతో వంటనూనెల జాతీయ కార్యక్రమమును ఆమోదించి, ఈ పంటను పది లక్షల హెక్టార్లకు విస్తరింపజేయ సంకల్పించినది. ప్రపంచమున పామాయిలును అత్యధికముగా దిగుమతి చేసికొను దేశము మనదే యగుటచేత ఆ సంకల్పము అర్థవంతమైనదే. కాని తోటల విస్తీర్ణమును లెక్కించునపుడు ఆ తోటల శేషమును సైతము లెక్కింపవలెను గదా.

మెట్టలోని మిల్లు నొకదానిలో ఆ లెక్కను కన్నులారా చూచితిని. ద్వారమువద్ద గెలలబండ్లు బారులుదీరి యుండెను. తూకము ముగిసిన గెలలను ఇనుపతొట్లలో నింపి, పెద్దగొట్టమువంటి గదిలోనికి తోసి తలుపు బిగింతురు. అందు 130, 140 డిగ్రీల ఆవిరిలో గంటకుపైగా అవి ఉడుకును. ఉడికిన గెలలను తిరుగు పీపాలో పడవేయగా పండ్లు రాలిపోయి, ముళ్ళతో కూడిన ఖాళీ గెలలు వేరగును. పండ్లను మర్దించి, మరయంత్రములో పిండగా ఎర్రని నూనెయు నీరును దిగును. పీచును గింజయు మిగులును. గింజను పగులగొట్టినచో చిప్ప ఒకప్రక్క, పప్పు ఒకప్రక్క. ఆ ఆవరణమందంతట ఉడికిన పండు తీపివాసన, దానితో కలిసి మరియొక పుల్లని వాసన. ఆ రెండవది ఎచ్చటినుండి వచ్చుచున్నదో పిదప తెలిసినది.

నూరు టన్నుల గెలలు ఆ ద్వారమున ప్రవేశించినచో, పదునెనిమిది టన్నులకు అటునిటుగా నూనె వెడలును. తక్కిన ఎనుబది యేమగుచున్నవి? ఖాళీగెలలు ఇరువది రెండు మూడు టన్నులు. పండు పీచు పదమూడు టన్నుల పరిమితము. గింజచిప్ప ఆరేడు టన్నులు. పప్పునుండి వేరొక నూనె వచ్చును గనుక దానిని శేషములో చేర్పరాదు. వీనికితోడు, ఆవిరిగా పోసినదియు, కడుగుటకు వాడినదియు, పండులోనిదియు కలిసిన మురుగునీరు అరువది టన్నులు. నూనెకొరకు వెట్టిన ఈ యంత్రశాల, బరువునుబట్టి చూచినచో, నూనెకంటె ఎక్కువగా పీచును, చిప్పను, నల్లనీటిని ఉత్పత్తిచేయుచున్నది.

వీనిలో పీచును చిప్పయు ఎవ్వరికిని భారము కావు. ఉభయమును మిల్లు బాయిలరులోనే మండి, గెలలను ఉడికించు ఆవిరిని, యంత్రములను త్రిప్పు విద్యుత్తును ఇచ్చుచున్నవి. చక్కెరమిల్లులవలెనే ఇవియు బొగ్గు కొనకయే నడచు కర్మాగారములని చెప్పదగును. మిగిలిన చిప్పకు బయట గిరాకి కలదు. మలయా, ఇండోనేషియాలనుండి ఈ చిప్ప ఓడలకెక్కి జపానుదేశపు విద్యుత్కేంద్రములకు ఇంధనముగా పోవుచున్నది. చిప్ప బొగ్గును మరల ఆవిరితో కాల్చి నీటిని శుద్ధిచేయు క్రియాశీల కర్బనముగా మార్చుటయు కలదు. కొబ్బరిచిప్పతో ఈ పని చేయుట కోనసీమవారికి క్రొత్తవార్త కాదు. కావున ఈ రెంటిని గూర్చి ఇంతతో విరమించెదను. చిక్కంతయు ఖాళీగెలయందును నల్లనీటియందును కలదు.

మిల్లు వెనుకకు పోయితిని. నాలుగైదు విశాలమైన గుంటలు ఒకదానినుండి మరియొకదానికి తూములతో కలపబడి యున్నవి. మొదటి గుంటలోనికి దిగు నీరు పొగలు గ్రక్కుచు, గోధుమరంగున చిక్కగా, నూనెతెట్టు కట్టుచు వచ్చుచున్నది. ఆ నీటిలో విషద్రవ్యమేదియు కలుపబడలేదు. పండు రసము, నారపొడి, జిగురు, ఇంత నూనె, అంతే. అయినను దానిని కాలువలో విడిచినచో చేపకు ఊపిరియుండదు. నీటిలోని సూక్ష్మజీవులు ఆ సేంద్రియపదార్థమును జీర్ణించుటకు లీటరునకు సుమారు 25 వేల మిల్లీగ్రాముల ప్రాణవాయువు కావలెను. పొలముపై పారించుటకు మన నిబంధనలు అనుమతించు హద్దు 100 మాత్రమే. అందుచేత ఆ నీటిని గుంటలలో నెలలతరబడి నిలిపి కుళ్ళనిత్తురు. మొదటి గుంటల ఉపరితలమున పెద్దపెద్ద బుడగలు లేచి పగులుచుండెను. నాకు తగిలిన పుల్లని వాసన అచ్చటిదే. ఆ బుడగలలో నూటికి అరువదిపాళ్ళకు పైగా మీథేను వాయువు.

కోనసీమకు ఈ వాయువు స్వభావము ఎవ్వరును బోధింపనక్కరలేదు. 1995 జనవరి 8న పాసర్లపూడిలో తవ్వుచున్న బావినుండి సహజవాయువు ఎగజిమ్మి అంటుకొని, అరువదియైదు దినములు ఆకాశమంటు జ్వాలగా మండినది. చుట్టుపట్ల పల్లెలు ఖాళీచేసి జనులు తరలిపోయిరి. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరము గ్రామమున గొట్టపుమార్గము పగిలి వాయువు రగుల్కొనగా, నిద్రలోనున్న కుటుంబములు దగ్ధమైనవి. వేల అడుగుల లోతునుండి అంత ప్రమాదమునకు ఓర్చి ఏ వాయువును మనము పైకి తోడుచున్నామో, అదే వాయువు ఈ గుంటలపై ఎవరును అడుగకయే పైకివచ్చి గాలిలో కలిసిపోవుచున్నది. కలిసిపోయి ఊరకుండునా? నూరేండ్ల లెక్కన, బరువునకు బరువు, అది బొగ్గుపులుసు వాయువుకంటె ఇరువదియెనిమిది రెట్లు భూమిని వేడెక్కించును. ఈ ఒక్క విషయమున నాకు మధ్యేమార్గము తోచుటలేదు. మూతలేని గుంటను మిల్లుప్రక్కన ఉంచుట తప్పు.

తప్పును దిద్దుట దుష్కరమును కాదు. గుంటపై గట్టి ప్లాస్టిక్ పొరను గాలిచొరకుండ పరచినను, ఉక్కుతొట్లు కట్టినను, టన్ను నల్లనీటినుండి ఇరువదియెనిమిది ఘనపుమీటర్ల బయోగ్యాసు లభించును. నూరుటన్నుల గెలలాడిన దినమున అరువది టన్నుల నీరు. అనగా పదునారువందల ఘనపుమీటర్లకు మించిన వాయువు. దానిని మండించి విద్యుత్తు చేయవచ్చును, శుద్ధిచేసి వాహనములకు నింపవచ్చును. మలయాలోను థాయిలాండులోను అనేక మిల్లులు ఈ పని చేయుచున్నవి. వాయువు తీసిన పిమ్మట మిగులు నీరు మునుపటి చిక్కదనమును వాసనను కోల్పోయి, నత్రజని పొటాషులతో తోటకు పనికివచ్చును. పెట్టుబడి పెద్దదే, గెలలు ఎక్కువగా వచ్చు వర్షకాలపు నెలలలో వాయువు పొంగి, వేసవిలో సన్నగిల్లుటయు సత్యమే. అయినను, గెలలు కొనుటకు మండలములను పంచియిచ్చు ప్రభుత్వము, క్రొత్త మిల్లునకు అనుమతియిచ్చు దినముననే గుంటకు మూతనుగూడ అడుగుట న్యాయము.

అచ్చటినుండి పెదవేగికి పోయితిని. శాలంకాయనుల కాలమున వేంగీపురమై, తరువాత తూర్పుచాళుక్యులకు రాజధానియై వెలసిన ఊరు నేడు చిన్నపల్లె; దిబ్బలలో ఇటుకలు మాత్రము పురాస్మృతిని నిలుపుచున్నవి. ఆ పల్లెకు రెండవ కీర్తి 1995లో నెలకొన్న ఆయిల్‌పామ్ పరిశోధనసంస్థ వలన వచ్చినది. దేశమంతటికిని ఈ పంటవిషయమున అదియే కేంద్రము. నూనెదిగుబడి పెంచుటయే ధ్యేయముగా పనిచేయు సంస్థ శేషమును విస్మరింపలేదు. మిల్లు వ్యర్థములపై ముత్యపు చిప్ప పుట్టగొడుగులను పెంచుటను, మట్టలను ఖాళీగెలలను వానపాములచే ఎరువుగా మార్పించుటను అచ్చటి శాస్త్రజ్ఞులు పరిశోధించియున్నారు. ఐనవిల్లి పొట్టును కరగించిన శిలీంధ్రపు జాతియే ఇచ్చట పండుపీచుపై తెల్లగా అల్లుకొని, చిప్పలు చిప్పలుగా కూరకు పనికివచ్చు ఆహారమును పుట్టించును. పుట్టగొడుగు కోసికొనినపిదప మిగిలినది మెత్తబడి, వానపాములకు ఇంపైన మేతయగును. మూడు పర్యాయములు పనికివచ్చిన పిమ్మటగాని ఆ పీచు మన్ను కాదు. స్త్రీల పొదుపుసంఘములు తక్కువ పెట్టుబడితో చేపట్టదగిన వృత్తులలో దీనికి మొదటివరుసలో స్థానమీయవలెనని నా అభిప్రాయము.

మట్టల సంగతియు అచ్చటనే బోధపడినది. ఒక్కొక్క చెట్టునుండి యేడాదికి ఇరువదికి పైగా మట్టలు నరకుదురు. తొమ్మిది మీటర్ల ఎడముతో త్రికోణముగా నాటిన తోటలో హెక్టారునకు 143 చెట్లు. అనగా మూడువేల మట్టలు తోటలోనే పుట్టి తోటలోనే పడుచున్నవి. మునుపు వీనిని గట్టునకు ఈడ్చి కాల్చిన రైతులు నేడు పాదులలో పరచుచున్నారు, యంత్రముతో తునియలు చేసి కప్పుచున్నారు. వేసవిలో చెట్టొకటికి రోజునకు రెండువందల లీటర్లకు మించిన నీరు కావలసిన పంటకు, బోరులు లోతుదిగుచున్న నేలలో, ఈ కప్పు ఎంత మేలు చేయునో వేరుగ చెప్పనేల?

తిరుగుదారిలో, గెలలు దించివచ్చు ట్రాక్టరు నొకదానిని ఆపి, తోలుచున్న రైతుతో మాటాడితిని. ట్రక్కు ఖాళీగా నుండెను. మిల్లులో అన్ని ఖాళీగెలలుండగా ఇది ఏల ఖాళీగా పోవుచున్నదని అడిగితిని. ఆయన నిదానించి యిట్లనెను: "తెచ్చుకుంటే మంచిదేనండి. ఓసారి తెచ్చి పాదుల్లో వేశాను, వేసిన చెట్టు తెలిసిపోద్ది. కానండి, అక్కడ లోడింగుకి గంటలు నిలబడాలి, ఎత్తే కూలీ నేనే ఇవ్వాలి. గెలలు దించేసరికే పొద్దోతాది. ఎవరు ఆగుతారండి?"

ఈ సమాధానమునందు నేను వెదకుచు వచ్చిన విషయమంతయు ఇమిడియున్నది. గెలను మిల్లునకు పంపునపుడు రైతు నూనెను మాత్రమే అమ్ముకొనుచున్నాడని మన భ్రమ. నూనె కర్బనము, ఉదజని, ప్రాణవాయువులతో కట్టబడినది. అది గాలినుండియు నీటినుండియు వచ్చినది. నేల ఇచ్చిన పొటాషు నూనెలో లేదు. గెలకాడలో, పీచులో, నల్లనీటిలో కలదు. టన్ను ఖాళీగెలలలో సుమారు ఏడుకిలోల యూరియాకును, పందొమ్మిది కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాషునకును సమమైన సారము కలదని మలయా తోటల లెక్క. ఆ సారము రైతుబండిపై మిల్లునకు పోయి, బండి ఖాళీగా తిరిగివచ్చుచున్నది. మనదేశము పొటాషు ఎరువును దాదాపుగా సర్వమును విదేశములనుండి కొనుచున్నది. అదే రైతు మరునాడు బజారునకు పోయి, కెనడానుండియో రష్యానుండియో ఓడలో వచ్చిన పొటాషు బస్తాను కొని, తన చెట్టుపాదులో చల్లుచున్నాడు.

ఖాళీగెల పీచుతో అట్టలు, పలకలు, పరుపులు, కాగితపుగుజ్జు, ఇంధనపు గుళికలు చేయు విధానములు లోకమున పెక్కు వెలసినవి. వానిని పొగడు రచనలకును కొదవలేదు. నేను వానిని నిరసింపను. అయితే వరుస ముఖ్యము. నేలనుండి తీసిన పొటాషు నేలకు చేరిన పిమ్మట మిగిలినదానితో పలకయైనను చేయుడు, పరుపైనను చేయుడు. గుళికగా చేసి దూరదేశపు కొలిమికి పంపినచో మన ఎర్రనేల సారమును ఓడకెక్కించినట్లే. కోనసీమ పొట్టు విషయమున నాకింత పట్టుదల లేదు. ఏటేట కాలువ ఒండ్రు చేరిన నేల అది. మెట్టకు అట్టి దాత లేడు.

మలయాను పలుమార్లు పేర్కొంటిని. అచ్చటి తోటల చరిత్రలో మనవారి చెమట కలదు. విశాఖ, శ్రీకాకుళ, గోదావరి మండలములనుండి కూలికి తరలిన తెలుగువారు పేరాక్ రాష్ట్రమందలి బాగాన్ డాటో కొబ్బరితోటలలోను, పిదప రబ్బరు, ఆయిల్‌పామ్ తోటలలోను తరములు గడపిరి. 1955లో మలయా ఆంధ్రసంఘమును స్థాపించుకొని భాషను కాపాడుకొనిరి. అచ్చట పెద్దతోటలును మిల్లులును ఒకే యజమానివగుటచేత, గెల తెచ్చిన బండియే ఖాళీగెలను తోటకు మోయును. ఆజ్ఞ ఒకరిది, లాభము వారిదే. మన మెట్టలో తోట చిన్నరైతుది, మిల్లు వేరొకరిది. అడవులను నరికి వేసిన తోటలు కావు మనవి. రైతు తన పట్టాభూమిలో వేసికొన్నవి. ఆ మేలు మనకుండగా, మోతకూలివద్ద వ్యవహారము ఆగిపోవుట విచారకరము. మండలమునకు మిల్లును ముడివేసిన 1993నాటి ఏర్పాటు ఇచ్చట అక్కరకు వచ్చును. ఏ బండి ఎచ్చటినుండి వచ్చునో, ఎంతదూరము తిరిగిపోవునో ముందే తెలిసియున్నది. మిల్లువారు ఖాళీగెలలను ముక్కలుగా కోసి, పిండి, బరువు తగ్గించి, బండి నిలువకుండ పైనుండి నింపు తొట్టిని ద్వారమువద్ద ఏర్పరచినచో, గెల ధరనిర్ణయములో తిరుగుమోత వ్యయమును ఒక పద్దుగా చేర్చినచో, ఆ రైతు ఆగును.

నా మాటలు వినుచున్న ఆయన, మరియొక సంశయమును బయటపెట్టెను. "కుప్పగా పోస్తే కొమ్ముపురుగు పట్టుద్దండి" అనెను. కొబ్బరిరైతునకు చిరపరిచితుడైన ఆ శత్రువు పెంటకుప్పలలోను, కుళ్ళుమొద్దులలోను గ్రుడ్లుపెట్టి, రెక్కలు వచ్చినంతనే చెట్టు మొవ్వును తొలుచును. తడిసిన ఖాళీగెలల కుప్ప దానికి అనువైన పురుడుగది. ముప్పది యేండ్లు నిండి నరకవలసివచ్చిన తొలితరపు తోటల మొద్దులు దానికి తోడైనవి. ఆయన చెప్పినది ముమ్మాటికి నిజము. ఈ భయమును తీర్చకుండ ఖాళీగెలలను రైతుపై రుద్దరాదు. కావున గెలలను దించిన దినముననే, కుప్పగా విడువక, రెండు వరుసల నడుమ ఒక్క పొరగా, గెలప్రక్కన గెలగా పరచవలెను. ఎండయు గాలియు తగిలిన పలుచనిపొరలో పురుగు నిలువదు; వేరు మాత్రము దాని క్రిందికి వచ్చును. అనుమానమున్నచోట ఆ పురుగునకు వ్యాధికలిగించు మెటారైజియము శిలీంధ్రమును చల్లవలెను. మలయా తోటలలో ఇట్లు హెక్టారునకు ముప్పదినుండి అరువది టన్నులవరకు పరతురు. అంతటి పరిమాణము చిన్నరైతునకు లభింపదు. తన గెలలకు సరిపడు వంతు, నూటికి ఇరువది రెండు టన్నుల లెక్కన, తనకు తిరిగివచ్చిన చాలును. ఆయన తన తోటలో బోరునకు దూరముగా, నీరందక మట్టలు వేలాడు మూలవరుసలను నాకు చూపి, ఈసారి తెచ్చినచో ముందుగా అచ్చటనే పరచెదననెను.